పదకొండో వచనానికి ముందూ వెనకా

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వెళ్లేవాళ్లకు వాగ్దాన కార్డు గురించి చెప్పనక్కర్లేదు. పన్నెండు దాటి, షేక్‌హ్యాండ్లు, హ్యాపీ న్యూ ఇయర్‌లు అయ్యాక పళ్లెంలో బోర్లా పెట్టిన కార్డుల్లోంచి ఒకటి తీసుకుంటాం. కొన్ని సంఘాల్లో పాస్టరుగారే ఏడాది మొత్తానికీ అందరికీ కలిపి ఒక వచనం ప్రకటిస్తారు. ఆ కార్డు ఫ్రిజ్ మీదికో, బైబిలు మధ్యలోకో, ఈమధ్య వాట్సాప్ స్టేటస్‌లోకో చేరుతుంది. నీకేం వచ్చింది, నాకేం వచ్చింది అని దారి పొడుగునా చెప్పుకుంటూ ఇంటికి రావడం కూడా ఆ రాత్రి సంబరంలో భాగమే.

ఆ కార్డుల మీద తరచూ కనిపించే వచనం యిర్మీయా 29:11. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా... అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని దేవుడు తన ఉద్దేశాల గురించి చెప్పే మాట. పరీక్ష రాయబోయే పిల్లలకు, వీసా కోసం ఎదురుచూసేవాళ్లకు, పెళ్లి కుదరక టెన్షన్ పడుతున్న ఇళ్లకు మనం ముందుగా పంపేది దీన్నే.

దేవునితో వ్యక్తిగత సంబంధం అని ఆదివారం ఆదివారం వినే మాటను విప్పి చూడటానికి ఈ ఒక్క వచనం చాలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆయన మాటల్లో మనకు నచ్చినవి ఏరుకుని మిగతావి వదిలేసినంత కాలం, ఆయనతో చెప్పేటప్పుడు కూడా బాగున్నవే చెప్పి మిగతావి కడుపులో దాచుకున్నంత కాలం, ఎంత పొద్దున్నే లేచి మోకరించినా ఆ సంబంధం ముఖపరిచయం దాటదు.

అది ఒక ఉత్తరం

పదకొండో వచనం ఒక ఉత్తరం మధ్యలో ఉంది. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని యూదా రాజు యెకోన్యాను, రాజమాతను, అధికారులను, కంసాలులను, ఇతర పనివాళ్లను చెరపట్టి తీసుకుపోయాడు. పట్టణం మాత్రం ఇంకా నిలిచే ఉంది. దేవాలయమూ ఉంది. దాంతో చెరలో ఉన్నవాళ్లకు ఒకటే ఆశ, ఇవాళో రేపో ఇంటికి పోతామని. యెరూషలేములో మిగిలిపోయిన యిర్మీయా ప్రవక్త వాళ్లకు ఉత్తరం రాసి, బబులోనుకు వెళ్తున్న కొత్త రాజు మనుషుల చేతికిచ్చి పంపాడు.

ఏం రాశాడు? ఇళ్లు కట్టుకుని కాపురముండండి. తోటలు నాటి పండ్లు తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, మీ కొడుకులకూ కూతుళ్లకూ పెళ్లిళ్లు చేయండి. మిమ్మల్ని చెరగా తెచ్చిన ఆ పట్టణం క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థన చేయండి. అది బాగుంటేనే మీరూ బాగుంటారు. మీ మధ్య తిరుగుతున్న ప్రవక్తల మాటలకు మోసపోకండి. బబులోనుకు డెబ్బై ఏళ్లు నిండాక మిమ్మల్ని వెనక్కి రప్పిస్తాను.

ఆ డెబ్బై ఏళ్ల మాట అయిన వెంటనే వచ్చేదే మన పదకొండో వచనం.

ఒకసారి లెక్క వేయండి. ఆ ఉత్తరం చదువుతుంటే నిలబడి విన్న నలభై ఏళ్ల మనిషికి ఏం అర్థమై ఉంటుంది? తను మళ్లీ ఊరు చూడడు. పక్కన నిలబడ్డ కొడుకూ చూడకపోవచ్చు. వాగ్దానం ఉంది, అందులో అబద్ధమేమీ లేదు, కానీ పట్టా మనవల పేరున రాసి ఉంది.

అందుకే దాన్ని విని అందరూ ఆమెన్ అనలేదు. షెమయా అనే ఒకతను బబులోను నుంచే యెరూషలేము యాజకుడికి ఎదురు ఉత్తరం రాశాడు. ఇక్కడ చాలాకాలం ఉంటారని మాకు రాసి పంపిన ఈ యిర్మీయాను ఇంకా ఎందుకు గద్దించలేదని. ప్రవక్తలమని చెప్పుకునే వెర్రివాళ్లను బొండలో, అంటే మనిషిని బిగించి ఉంచే కొయ్యలో, వేయించడం నీ పని కదా అని కూడా గుర్తు చేశాడు. ఇదీ అదే ఇరవై తొమ్మిదో అధ్యాయంలో ఉంది, కింది భాగంలో. కార్డు మీద చోటు చాలదు కాబట్టి అక్కడికి రాదు.

ఒక అధ్యాయం వెనక్కి వెళ్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో యాజకులూ ప్రజలూ చూస్తుండగా లేచి, రెండేళ్లలో చెర అయిపోతుంది, రాజు తిరిగొస్తాడు, గుడి సామాను తిరిగొస్తుంది అని ప్రకటించాడు. బబులోనుకు లొంగి ఉండాలన్నదానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచి చూపించాడు. ఆనాటి జనానికి ఏ మాట తీపిగా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఒక కార్డు మీద హనన్యా రెండేళ్లు, ఇంకో కార్డు మీద యిర్మీయా డెబ్బై ఏళ్లు అచ్చేసి పళ్లెంలో వెల్లకిలా పెడితే మన చేయి దేని మీదికి పోతుంది?

కార్డు వంశం

కార్డుల మీద నాకు కోపమేమీ లేదు. వాటికి మంచి వంశమే ఉంది. జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో హెర్న్‌హుట్ అనే చిన్న ఊళ్లో జిన్‌జెండార్ఫ్ అనే జమీందారు ఆశ్రయమిచ్చిన మొరేవియన్ విశ్వాసులు 1728 నుంచి రోజుకొక వచనాన్ని ఇల్లిల్లూ పంచుకోవడం మొదలుపెట్టారు. 1731 నుంచి ఏడాదికి సరిపడా వచనాలు పుస్తకంగా అచ్చవుతున్నాయి, ఇప్పటికీ ఆగలేదు. పాత నిబంధన వచనాన్ని చీటీ తీసి ఎంచుతారు, దానికి పొందికైన కొత్త నిబంధన వచనాన్ని వెదికి జతచేస్తారు. మన పళ్లెంలో కార్డులకు ఇది దూరపు చుట్టమనుకోవచ్చు.

ఆ జిన్‌జెండార్ఫ్ చిన్నప్పుడు చదువుకున్నది హాలే నగరంలో, పయటిస్టుల బడిలో. సంఘం రిజిస్టరులో పేరుంటే సరిపోదు, ఎవరి విశ్వాసం వాళ్లకు సొంతం కావాలి, బైబిలు ఇంట్లో తెరవాలి అని పట్టుబట్టినవాళ్లు పయటిస్టులు. ఈనాడు మనం వ్యక్తిగత సంబంధం అనే మాటను వాడుతున్న తీరుకు వేళ్లు చాలావరకు అక్కడున్నాయి. అదే హాలే నుంచి మద్రాసు వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని, బైబిలును తెలుగు చేయడానికి కూర్చున్నాడు. 1740లలో అతని తెలుగు పుస్తకాలు హాలేలోనే అచ్చయ్యాయి. అంటే ఈ ధోరణికీ తెలుగుకూ పరిచయం నిన్నా మొన్నటిది కాదు.

అయితే తెలుగు నేల మీద విశ్వాసం ఎక్కువగా ఒంటరిగా నడిచి రాలేదు. కరువు ముగుస్తున్న రోజుల్లో, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చుట్టం వెంట చుట్టం, పల్లె వెంట పల్లె. అక్కడ నేను అనే మాట కంటే మేము అనే మాట ముందు నడిచింది. ఈ రెండు వారసత్వాలూ మనకున్నాయి. హాలేవాళ్లు ఇంట్లో బైబిలు తెరవమన్నారు, గుండ్లకమ్మవాళ్లు కలిసి నడవమన్నారు. పొద్దున్నే గ్రూపులో వచ్చిన వచనం ఫొటోకు దణ్ణం బొమ్మ కొట్టి ముందుకుపోతే రెండూ పోతాయి.

కువైట్‌లో ఏడో వచనం

ఉత్తరం మొత్తం వింటే రోజువారీ బతుకులో ఏం మారుతుంది? ఏడో వచనాన్నే తీసుకుందాం, పట్టణం క్షేమం కోరమన్నదాన్ని. కోనసీమ నుంచో కడప జిల్లా నుంచో కువైట్ వెళ్లి ఒక ఇంట్లో పని చేస్తున్న అమ్మను ఊహించుకోండి. శుక్రవారం వీలు దొరికితే తెలుగు సంఘానికి వెళ్తుంది, దొరకకపోతే వంటగదిలో ఫోన్‌లో పాటలు పెట్టుకుంటుంది. ప్రభువా, తొందరగా ఇంటికి చేర్చు అన్నది ఆమె రోజూ చేసే ప్రార్థన. అది న్యాయమైన ప్రార్థనే. పదకొండో వచనం ఆమెకు ధైర్యమిస్తుంది. ఏడో వచనం ఆమెను ఇంకో పని అడుగుతుంది, తను గిన్నెలు కడుగుతున్న ఆ ఇంటి కోసం, ఆ యజమానురాలి పిల్లల కోసం ప్రార్థించమని. పని బరువు తగ్గదు. కానీ దేవుడు ఇంటి దగ్గర, అమలాపురంలో మాత్రమే ఉన్నాడు, ఇక్కడ ఉన్నన్నాళ్లూ నా జీవితం ఆగిపోయినట్టే అన్న భావన కదులుతుంది. ఇక్కడ కూడా ఇల్లు కట్టుకోవచ్చు, తోట నాటుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. జీతం ఎగ్గొట్టేవాడి కోసం ప్రార్థించి ఊరుకో అని యిర్మీయా చెప్పలేదు. పొరుగువాడి చేత ఊరికే పని చేయించుకుని, కూలి ఇవ్వకుండా మేడ కట్టించుకున్న రాజును ఇరవై రెండో అధ్యాయంలో ఆయన పేరుపెట్టి దులిపేశాడు. పట్టణం బాగు కోరడమూ, పట్టణంలోని అన్యాయాన్ని ఎత్తి చూపడమూ ఆయన నోట పక్కపక్కనే ఉన్నాయి.

ఆమెకే కాదు, బెంగళూరులో ప్రాజెక్టు దొరక్క బెంచి మీద కూర్చున్న కుర్రాడికీ, బదిలీ ఆర్డరు కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్న టీచరుకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. నేను కోరుకున్న చోటికి చేరాకే దేవునితో నా జీవితం మొదలవుతుందా? ఉత్తరం ప్రకారమైతే ఇవాళ ఉన్న చోటే మొదలుపెట్టాలి.

మన వైపు నుంచి

వినడం సగమే. రెండో సగం మనం చెప్పేది. పదకొండో వచనం రాసిన చేతులే ఇంకేం రాశాయో చూస్తే కొంతమంది విశ్వాసులు ఉలిక్కిపడతారు.

ఇరవయ్యో అధ్యాయంలో పషూరు అనే యాజకుడు యిర్మీయాను కొట్టించి బొండలో వేయించాడు. రాత్రంతా అలాగే ఉంచి మర్నాడు వదిలిపెట్టాడు. ఆ వెంటనే ఉన్న ప్రార్థనలో యిర్మీయా దేవుణ్ణే నిలదీస్తాడు. నన్ను ఒప్పించి ఇందులోకి దింపావు, నువ్వు బలవంతుడివి, గెలిచావు, ఊరంతా నన్ను చూసి నవ్వుతోంది అంటాడు. మధ్యలో ఒక్కసారి స్తుతి పైకి లేస్తుంది, యెహోవాకు పాడుడి అని. అంతలోనే, నేను పుట్టిన రోజు శాపగ్రస్తమగును గాక అని కిందికి పడిపోతాడు. అక్కడే అధ్యాయం అయిపోతుంది. ఇంకోచోట, పదిహేనో అధ్యాయంలో, నమ్ముకుని వెళ్తే ఎండిపోయి కనిపించే వాగులా నువ్వు నాకు తయారవుతావా అని దేవుణ్ణే అడుగుతాడు.

మన సాక్ష్యాల సమయంలో ఇలాంటివి వినపడతాయా? ఉద్యోగం వచ్చింది, ఆపరేషను సక్సెస్ అయింది, ప్రభువు కృప చూపాడు, స్తోత్రం. అవి చెప్పాల్సినవే. కానీ ఉద్యోగం రానివాడు, ఆపరేషను తర్వాత తండ్రిని పోగొట్టుకున్నవాడు వెనక బెంచీలో కూర్చుని, నా దగ్గర చెప్పడానికేం లేదు అనుకుంటాడు. కొన్నాళ్లకు సంఘంలో చెప్పలేనిది దేవునికి కూడా చెప్పడం మానేస్తాడు. సంబంధం తెగిపోయేది కోపం వచ్చినప్పుడు కాదని నా నమ్మకం, కోపం వచ్చినా రానట్టు మర్యాదగా మాట్లాడినప్పుడు.

మోకరించగానే మన భాషే మారిపోవడం కూడా దీనికి తోడవుతుంది. అప్పటిదాకా ఇంట్లో మామూలుగా మాట్లాడినవాళ్లం ఒక్కసారిగా "పరలోకమందున్న మా తండ్రీ, ఈ దినమున నీ పాదసన్నిధికి" అని అందుకుంటాం. ఆ మాటలు పెద్దల నుంచి వచ్చినవి, వాటికో గాంభీర్యం ఉంది, పోగొట్టుకోవాల్సిన పని లేదు. కానీ మావారు మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు అని చెప్పుకోవడానికి ఆ భాష సరిపోదు. అక్కడ మన ఇంటి యాసే కావాలి. దావీదు పేరున ఉన్న పదమూడో కీర్తన మొదలయ్యేదే ఎన్నాళ్లవరకు అనే ప్రశ్నతో. ఎనభై ఎనిమిదో కీర్తన చీకటి దగ్గరే ముగిసిపోతుంది, ఓదార్పు వాక్యమేదీ చివర తగిలించలేదు. అవి బైబిల్లోనే ఉన్నాయి, బైబిలు బయట కాదు.

ఇలా మాట్లాడితే దేవుడు మెత్తగా వీపు నిమురుతాడని మాత్రం యిర్మీయా అనుభవం చెప్పదు. పదిహేనో అధ్యాయంలో ఆ ఫిర్యాదుకు వచ్చిన జవాబు, నువ్వు నా వైపు తిరిగితే నిన్ను తిరిగి నిలబెడతాను, పనికిరానిదాంట్లోంచి విలువైనదాన్ని వేరు చేయి అని. కొంచెం గద్దింపు, కొంచెం అభయం. ఇద్దరూ దాపరికం లేకుండా మాట్లాడుకున్నారు.

ఇంకో చిన్న మాట. ప్రార్థనలో ఏమీ అనిపించకపోవడం వేరు, వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సహించక, బతుకు మీదే విరక్తి కలగడం వేరు. రెండోదానికి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. విశ్వాసం తక్కువై వచ్చిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఏలీయా చావు కోరుకుని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. ప్రసంగం చేయలేదు.

దేవుడు నాతో మాట్లాడాడు

తెలుగు సంఘాల్లో అన్నిటికంటే చిక్కైన మాట ఇదే. ఫలానా అమ్మాయినే చేసుకోమని ప్రభువు చూపించాడు, ఈ స్థలమే కొనమన్నాడు అని ఒకరు ధీమాగా చెబుతుంటే, నాకెప్పుడూ ఏమీ వినపడలేదే అని పక్కవాళ్లు కుంగిపోతారు.

ప్రవక్త అయిన యిర్మీయాకే ఇది ఎలా జరిగిందో చూడండి. హనన్యా రెండేళ్ల మాట ప్రకటించినప్పుడు అప్పటికప్పుడు ఎదురు ప్రవచనం చెప్పలేదు. ఆమెన్, యెహోవా అలాగే చేయును గాక అన్నాడు. సమాధానం గురించి ప్రవచించేవాడి మాట నెరవేరినప్పుడే అతణ్ణి దేవుడు పంపాడని తెలుస్తుందని ఒక హెచ్చరిక చేసి, కాడి విరిగాక తన దారిన తను వెళ్లిపోయాడు. జవాబు తర్వాతెప్పుడో వచ్చింది. నలభై రెండో అధ్యాయంలో, యెరూషలేము కూలిపోయాక, మిగిలిన జనం గాభరాగా వచ్చి ఐగుప్తుకు పోవాలా వద్దా అడిగి చెప్పమంటే, ఆయనకు వాక్కు వచ్చింది పది రోజుల తర్వాత. జనం తొందరలో ఉన్నారు. ఆయన పది రోజులూ ఏమీ కల్పించి చెప్పలేదు.

నాకు బాగా నచ్చేది ముప్పై రెండో అధ్యాయం. పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులోని పొలం కొనుక్కోమంటాడని యిర్మీయాకు ముందే ఒక వాక్కు వచ్చింది. హనమేలు నిజంగా వచ్చి ఆ మాటే అన్నాక, అప్పుడు అది యెహోవా వాక్కని తెలుసుకున్నాను అని ఆయనే రాసుకున్నాడు. అంటే ప్రవక్త కూడా వాక్కు వచ్చిందనగానే చాటింపు వేయలేదు. వేచి చూశాడు. తర్వాతే పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల్ని పెట్టి, పత్రం రాయించి, కుండలో భద్రం చేయించాడు. శత్రుసైన్యం పట్టణాన్ని చుట్టుముట్టి ఉంది, తనేమో చెరసాల ప్రాకారంలో ఖైదీగా ఉన్నాడు, అయినా రిజిస్ట్రేషను పద్ధతిగానే జరిపించాడు. ఇంకొకరి పెళ్లి గురించి, ఇంకొకరి డబ్బు గురించి ప్రభువు నాకు చెప్పాడు అనేవాళ్లు ఈ అధ్యాయం చదివి ఆ తర్వాత నోరు విప్పితే చాలా ఇళ్లలో కన్నీళ్లు తగ్గేవి.

దానియేలు చదివిన తీరు

డెబ్బై ఏళ్ల మాటను చదివి ఒక మనిషి ఏం చేశాడో బైబిల్లోనే ఉంది. దానియేలు గ్రంథం తొమ్మిదో అధ్యాయం. కుర్రతనంలో బబులోనుకు వచ్చిన దానియేలు ముసలివాడయ్యాక గ్రంథాలు చదువుతూ, యిర్మీయాకు వచ్చిన వాక్కు ప్రకారం యెరూషలేము పాడుగా ఉండాల్సింది డెబ్బై ఏళ్లని గ్రహించాడు. గడువు దగ్గరపడింది. మనమైతే మిఠాయిలు పంచేవాళ్లం. ఆయన గోనెపట్ట కట్టుకుని, బూడిద చల్లుకుని, ఉపవాసముండి ప్రార్థన మొదలుపెట్టాడు. మేము పాపం చేశాం, మేము వినలేదు అని. యెరూషలేము వైపు కిటికీలు తెరిచి రోజుకు మూడుసార్లు మోకరించిన మనిషి, సింహాల గుహకైనా వెళ్లిన మనిషి, తన జనం తప్పుల్లో తనను కలుపుకున్నాడు. వాగ్దానం ఉంది కాబట్టి ఇక ప్రార్థన ఎందుకు అనుకోలేదు. వాగ్దానమే ఆయన చేత ప్రార్థన చేయించింది. యిర్మీయా ఉత్తరంలో పన్నెండు, పదమూడు వచనాల్లో ఉన్నదీ అదే, మీరు నాకు ప్రార్థన చేస్తారు, పూర్ణమనస్సుతో వెదికితే నన్ను కనుగొంటారు అని. పదకొండుకు ఆనుకునే ఉన్నా కార్డు మీదికి రాని వచనాలు ఇవి.

ఎక్కడ మొదలుపెట్టాలి

యిర్మీయా గ్రంథం 52 అధ్యాయాలు, కాలక్రమంలో కూడా ఉండదు. జనవరి 1న మొదటి అధ్యాయంతో మొదలుపెట్టినవాళ్లు సంక్రాంతికల్లా చిక్కుపడిపోతారు. ముందు 28, 29 అధ్యాయాలను ఒకే రోజు కలిపి చదవండి. మర్నాడు ఇరవయ్యోది, ఆ తర్వాత ముప్పై రెండోది. రోజుకు ఒక అధ్యాయం చాలు. నైట్ డ్యూటీ చేసే నర్సు తెల్లవారుజామున నాలుగింటికి లేవలేదని బాధపడక్కర్లేదు, డ్యూటీ దిగి బస్సులో కూర్చుని ఆడియో బైబిలు వినొచ్చు. చదివాక ఎవరు, ఎవరితో, ఎప్పుడు చెబుతున్నారో చూసుకోండి. నచ్చని వచనం తగిలితే దాటేయకుండా, ఇది నాకు మింగుడు పడటం లేదు ప్రభువా అని దాన్నే ప్రార్థనగా చేయండి. వారానికి ఒకసారి ఇంకొకరితో కలిసి చదవండి. అసలు ఉత్తరం వెళ్లింది ఒక్కరికి కాదు, చెరలో ఉన్నవాళ్లందరికీ.

కుటుంబ ప్రార్థనలో పిల్లలు కునుకుతుంటే 36, 38 అధ్యాయాలు పెట్టండి. ఒకదాంట్లో రాజు చలికాలంలో కుంపటి ముందు కూర్చుని, చదివి వినిపిస్తున్న గ్రంథాన్ని మూడు నాలుగు పుటలకొకసారి కత్తితో కోసి మంటలో వేస్తుంటాడు. యిర్మీయా చెబుతుంటే రాసిపెట్టే బారూకు మళ్లీ కూర్చుని మొత్తం తిరిగి రాస్తాడు. రెండోదాంట్లో యిర్మీయాను బురద గోతిలోకి దింపేస్తే, ఎబెద్మెలెకు అనే కూషీయుడు ముప్పై మందిని వెంటబెట్టుకుని వచ్చి, తాళ్లు ఒరుసుకుపోకుండా చంకల కింద పెట్టుకోమని పాత గుడ్డపేలికలు కూడా కిందికి దింపుతాడు. ఆ పేలికల సంగతి దగ్గర పిల్లలు తప్పకుండా ఏదో ఒకటి అడుగుతారు.